ఖిచిడీ నుండి కెడ్జరీ వరకు

ఆంగ్లేయులకు రెండు మాటల ముక్కలను అతికించి మూడవ మాటను పుట్టించే అలవాటు ఉన్నది. పొగ అనే అర్థం గల మాటలో సగం, మంచు అనే అర్థం గల మాటలో సగం తీసుకొని 'స్మాగ్' అన్నారు. అదే పద్ధతిలో ఉదయపు ఫలహారమైన బ్రేక్‌ఫాస్టు నుండి తలను, మధ్యాహ్న భోజనమైన లంచి నుండి తోకను తీసుకొని 'బ్రంచ్' అన్నారు. ఈ మాట మన నగరంలోని పెద్ద హోటళ్ళ మెట్లు దిగి, ఇప్పుడు మా వీధి మలుపులోని ఫలహారశాల గోడ మీదకు వచ్చి చేరినది. 'ఆదివారం 11 గంటల నుండి 3 గంటల వరకు అంతర్జాతీయ బ్రంచ్' అని అక్కడ ఒక పలక వేలాడుతున్నది. తరగతిలో ఒక విద్యార్థి, "సార్, బ్రంచ్ అంటే ఏమిటి?" అని అడిగినప్పుడు నాకు వ్యుత్పత్తి చెప్పడం చేతనైనది గాని, పదార్థం చెప్పడం చేతకాలేదు. పదార్థం అంటే ఇక్కడ తినే పదార్థమే.

తెలియని దానిని తెలిసినట్లు చెప్పడం అధ్యాపకునికి తగదు గనుక, ఒక ఆదివారం మా అమ్మీని వెంటబెట్టుకొని అక్కడికి వెళ్ళాను. ఆ పూట తిన్నదానిని గూర్చిన వివరణయే ఈ వ్యాసం. తిన్నది కొంచెమే, దాని వెనుక కథ మాత్రం కొంత పొడుగు.

బ్రంచ్ అనే మాటను అచ్చులో ప్రతిపాదించినవాడు గై బెరింజర్ అనే ఆంగ్ల రచయిత. 1895లో 'హంటర్స్ వీక్లీ' అనే పత్రికలో, బ్రంచ్ కొరకు ఒక విన్నపం అనే అర్థం వచ్చే శీర్షికతో ఆయన ఒక చిన్న వ్యాసం ప్రకటించాడు. ఆనాటి ఇంగ్లండులో ఆదివారం చర్చి ప్రార్థన ముగిసిన తరువాత మాంసంతోను, పిండివంటలతోను బరువైన భోజనం చేయడం ఆచారం. శనివారం రాత్రి పొద్దుపోయేదాకా విందులలో గడిపినవారికి మరునాడు తెల్లవారి లేవడమూ కష్టమే, లేచిన కొద్దిసేపటికే ఆ భోజనం మింగడమూ కష్టమే. కాబట్టి పన్నెండు గంటల ప్రాంతంలో టీతోనో, కాఫీతోనో మొదలుపెట్టి నెమ్మదిగా బరువైన వాటి వైపు పోతే శరీరానికీ, మనస్సుకూ హాయి అని ఆయన వాదం. ఈ వేళ తినే తిండి మనిషిని మాటకారిని చేస్తుందని కూడ ఆయన నమ్మాడు. శనివారపు రాత్రి విందులకు మన కళాశాల వాతావరణంలో తావు లేదు. అయినను ఆదివారం ఆలస్యంగా లేవడానికి మన విద్యార్థులకు ఏ విందూ అవసరం లేదన్న సంగతి వసతిగృహం వార్డెను గారికి బాగుగా తెలుసు.

మాట కొత్తదే గాని, వేళ కొత్తది కాదు. చీకటితోనే నాగలి కట్టిన తెలంగాణ రైతు, పొద్దు బారెడెక్కిన తరువాత చెట్టు నీడన కూర్చొని సద్ది మూట విప్పేవాడు. అది ఫలహారమా, భోజనమా అని అడిగితే ఆయన నవ్వి ఊరుకునేవాడు. బెరింజరు చెప్పిన బ్రంచ్ అందరికంటె ఆలస్యంగా లేచినవానిది. మన సద్ది అందరికంటె ముందుగా లేచినవానిది. గడియారంలో మాత్రం రెండింటికీ పెద్ద దూరం లేదు.

ఇక ఆ ఫలహారశాల సంగతి. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. మా వీధిలో ఎవరూ దానిని పేరుతో పిలవరు కూడ. ఆటోవానికి ఇప్పటికీ 'ఇరానీ హోటల్ మలుపు' అంటేనే తెలుస్తుంది. ఎందుకంటే 2021 వరకు అక్కడ ఉన్నది ఇరానీ హోటలే.

ఇరానీ హోటళ్ళను గూర్చి మన విద్యార్థులకు చెప్పవలసినది తక్కువ, తాగించవలసినది ఎక్కువ. పందొమ్మిదవ శతాబ్దపు చివర, ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభంలో ఇరాను దేశంలోని యజ్ద్ వంటి ప్రాంతాల నుండి బయలుదేరినవారు బొంబాయి, పూనాలలో కొందరు నిలిచి, కొందరు హైదరాబాదుకు చేరి వీటిని స్థాపించారు. పాలరాతి పలకల బల్లలు, చెక్క కుర్చీలు, గోడలకు నిలువుటద్దాలు, వాకిట్లో గల్లాపెట్టె. టీ ఆకు కషాయాన్ని మూత బిగించిన పాత్రలో సన్నని సెగ మీద చాలాసేపు మగ్గనిచ్చి, విడిగా చిక్కగా కాచిన పాలను కప్పులో దానికి చేర్చుతారు. విచిత్రమేమంటే ఇరాను దేశస్థులు టీని పాలు లేకుండానే తాగుతారు. ఇరానీ చాయ్ అనే పేరుతో మనం తాగుతున్నది హైదరాబాదులో తయారైన ఇరాను. అంతర్జాతీయం అనే మాటను పలక మీద రాసుకోకుండానే ఆ మలుపు హోటలు దశాబ్దాల తరబడి అంతర్జాతీయంగానే నడిచినది.

మా నాన్నగారు ఛత్తా బజారులోని ఒక ముద్రణాలయంలో బైండరుగా పనిచేశారు. తెల్లవారి నల్లానీళ్ళు పట్టుకోవడం, మమ్మల్ని బడికి తయారుచేయడం మధ్య ఇంట్లో పొయ్యి ఖాళీ ఉండేది కాదు. ఆయన ఎనిమిది గంటలకు ఆ హోటలులో ఒక పళ్ళెం ఖిచిడీ, దాని మీద రెండు గరిటెల ఖీమా, పక్కన కటోరాలో ఖట్టా తిని, ఒక పౌనా చాయ్ తాగి బస్సు ఎక్కేవారు. సుమారు ముప్పై ఏళ్ళు ఇదే క్రమం. నేను పదవ తరగతి చదివే రోజులలో ఆ పళ్ళెం పదిహేను రూపాయలు. ఆటోవారు, ముద్రణాలయాల పనివారు, కూరగాయల బండ్లవారు, అప్పుడప్పుడు ఒక వకీలు గారు, అందరూ అవే బల్లల మీద అదే పళ్ళెం తినేవారు.

అమ్మీ మాత్రం ఆ హోటలులో ఒక్కనాడూ అడుగు పెట్టలేదు. అక్కడ కుటుంబాలకు వేరే గది లేదు. వేరే గది లేనిచోట మా పేటలో ఆడవారు కూర్చునే ఆనవాయితీ లేదు. మా ఇంటి నుండి వంద అడుగుల దూరంలో ఉన్న ఆ గదిని ఆమె ముప్పై ఏళ్ళపాటు వీధిలో నుండే చూశారు. నాన్నగారు పోయి ఆరేళ్ళయినది. హోటలు మూతపడిన రెండేళ్ళకు అదే గదికి కొత్త రంగులు వేసి, కొత్త దీపాలు వేలాడదీసి, ఈ బ్రంచ్ ఫలహారశాలను తెరిచారు.

వాకిలి దాటగానే అమ్మీ ఆగి, "గల్లా ఎక్కడ ఉండేది?" అని అడిగారు. చూపించాను. "మీ అబ్బా ఎక్కడ కూర్చునేవారు?" అని అడిగారు. గోడకు ఆనుకొని, గడియారం కనబడే చోట కూర్చునేవారు. ఇప్పుడు అక్కడ ఒక పూలకుండీ ఉన్నది. దాని పక్క బల్ల దగ్గర కూర్చున్నాం.

పట్టికలో పన్నెండు వంటకాలు ఉన్నాయి. ఎదురుగా దేశాల పేర్లు, వాటికి ఎదురుగా ధరలు. మూడు తెప్పించాం.

మొదటిది షక్షూకా. ఇది ఉత్తర ఆఫ్రికా వంటకం. ట్యునీసియా, లిబియా దేశాలలో ఇంటింటా చేస్తారు. అక్కడి నుండి వలసపోయిన యూదులతో కూడ అది ఇజ్రాయెలుకు చేరి, అటు పిమ్మట లండను, న్యూయార్కు నగరాల బ్రంచ్ బల్లలకు ఎక్కినది. ఉల్లిపాయలు, మిరపకాయలు, టమాటాలు మూకుడులో బాగా మగ్గనిచ్చి, ఆ గుజ్జులో గుంటలు చేసి గుడ్లు పగులగొట్టి, మూతవేసి ఉడికిస్తారు. మూకుడుతోనే బల్ల మీదకు తెస్తారు. అమ్మీ రొట్టె ముక్కతో ఆ గుజ్జును అద్ది నోట పెట్టుకొని, "టమాటే కా కట్" అన్నారు. తేడా లేకపోలేదు. మన కట్‌లో వేయించిన శనగపిండి చిక్కదనం ఉంటుంది, గుడ్లు విడిగా ఉడికించి వేస్తారు, ఎండుమిరపకాయ, జీలకర్ర, కరివేపాకు తాలింపు పడుతుంది. ఆ కరివేపాకు వాసన తగిలిన తెలుగువాడెవడూ దానిని పరాయివాళ్ళ వంట అనడు. అయితే ఈ రెండింటికీ ప్రాణమైన టమాటా, మిరప మాత్రం ట్యునీసియావీ కావు, మనవీ కావు. 1492లో కొలంబసు అట్లాంటిక్ దాటిన తరువాతనే అవి అమెరికా ఖండాల నుండి మిగిలిన ప్రపంచానికి చేరినవి. మా పొరుగింటి ముసలమ్మ టమాటాను నేటికీ రామములక్కాయ అనే అంటుంది. వచ్చిన అతిథికి ఊరి పేరు పెట్టి కలుపుకొనడం మనకు పాత అలవాటు.

రెండవది ఫ్రెంచి టోస్టు. దీనిని గూర్చి ఎక్కువ చెప్పనక్కర లేదు. ఫ్రెంచివారు దానిని 'పోయిన రొట్టె' అనే అర్థం గల పేరుతో పిలుస్తారు. ఎండి గట్టిపడి, పారవేయవలసిన రొట్టెను పాలలోను, గుడ్డులోను నానబెట్టి వేయించుకొనే పేదవారి ఉపాయం అది. మన డబల్ కా మీఠాకు దూరపు చుట్టం. చుట్టాలలో మనది కొంచెం బాగుపడినది: నేతిలో వేగి, పాకంలో మునిగి, కుంకుమపువ్వు అద్దుకొని పెండ్లి విందులకు పోతున్నది.

మూడవది కెడ్జరీ. పట్టికలో దాని ఎదుట ఇంగ్లండు అని, 420 రూపాయలు అని ఉన్నది. తెల్లని గుండ్రని పళ్ళెంలో పసుపు రంగు అన్నం, అందులో పొగబెట్టిన చేప తునకలు, వెన్న మెరుపు, పైన నాలుగు చెక్కలుగా కోసిన ఉడికిన గుడ్డు, కొంచెం ఆకు, పక్కన ఒక నిమ్మ చెక్క. అమ్మీ చెంచా పక్కన పెట్టి ముందుగా వాసన చూశారు. ఒక ముద్ద తిన్నారు. పిమ్మట నా వైపు వంగి, మెల్లగా, "బేటా, యే తో ఖిచిడీచ్ హై. దాల్ కిధర్ గయీ?" అన్నారు.

ఇది ఖిచిడీయే, పప్పు ఎక్కడికి పోయినది? పండితులు నిఘంటువులలో చర్చించిన సంగతిని ఆమె ఒక్క ముద్దతో తేల్చివేశారు. ఆ పప్పు ఎక్కడ పోయినదో తెలుసుకోవాలంటే కొన్ని శతాబ్దాలు వెనుకకు పోవాలి.

క్రీ. శ. 1333లో మొరాకో దేశంలోని తాంజీరు నగరానికి చెందిన ఇబ్న్ బతూతా సింధు నదిని దాటి మన దేశంలో ప్రవేశించాడు. ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఆయనకు కాజీ పదవి ఇచ్చాడు. ఆయన తన యాత్రా వృత్తాంతంలో ఇక్కడి ధాన్యాలను వివరిస్తూ, పెసలను బియ్యంతో కలిపి వండి, నెయ్యి వేసుకొని తింటారనీ, దానిని 'కిష్రీ' అంటారనీ, ప్రతి దినం ఉదయం ఇక్కడివారి ఫలహారం ఇదే అనీ రాశాడు. ఉదయపు ఫలహారం అనే మాటను విద్యార్థులు గమనించాలి. ఖిచిడీని రోగుల తిండి అని, పథ్యం అని చులకన చేసేవారు మన తరగతులలో ఉన్నారు; ఏడు వందల ఏళ్ళ క్రితం దానిని ఆరోగ్యవంతులే ప్రతిరోజూ తిని పనికి పోయినట్లు ఒక పరదేశి సాక్ష్యం చెప్పాడు. మరొక చిత్రం ఉన్నది. ఇబ్న్ బతూతా ఈనాడు మా మలుపు ఫలహారశాలకు వస్తే, తన సొంత ఉత్తర ఆఫ్రికా నుండి వచ్చిన షక్షూకాను గుర్తుపట్టలేడు, ఆయన కాలానికి అక్కడ టమాటాయే లేదు గనుక. ఖిచిడీని మాత్రం వెంటనే గుర్తుపడతాడు.

పదిహేనవ శతాబ్దంలో అఫనాసీ నికితిన్ అనే రష్యా వర్తకుడు ఒక గుర్రాన్ని అమ్ముకొనడానికి మన దక్కనుకు వచ్చాడు. బహమనీ సుల్తానుల రాజధాని బీదరులో చాలా కాలం ఉన్నాడు. ఇక్కడ గుర్రాలకు శనగలతో పాటు, చక్కెర, నూనె కలిపి వండిన ఖిచిడీ పెడతారని ఆయన రాసుకున్నాడు. మనుషుల పంక్తిలో ఖిచిడీని చులకన చేసేవారికి ఇది కొంత బలం చేకూర్చవచ్చును. కాని యుద్ధపు గుర్రం విలువ ఎంతో, దాని మేతను ఎంత శ్రద్ధగా ఎన్నుకొనేవారో చరిత్ర విద్యార్థులకు చెప్పనక్కర లేదు.

అక్బరు ఆస్థానంలో అబుల్ ఫజల్ రచించిన 'ఆయీనె అక్బరీ'లో పాకశాల అధ్యాయం ఉన్నది. అందులో ఖిచిడీకి ఇచ్చిన పాళ్ళు చూస్తే కళ్ళు తిరుగుతాయి. బియ్యం ఐదు సేర్లు, పప్పు ఐదు సేర్లు, నెయ్యి కూడ ఐదు సేర్లు. పాదుషాల నెయ్యి లెక్క అది. మన లెక్క వేరు. జహంగీరు గుజరాతులో పర్యటించినప్పుడు అక్కడివారు తినే సజ్జల ఖిచిడీని రుచి చూసి మెచ్చుకొని, తాను మాంసం మానుకొనే దినాలలో దానిని తెచ్చి వడ్డించమని ఆజ్ఞాపించినట్లు తన స్వీయచరిత్రలో చెప్పుకొన్నాడు. ఇట్లు ఒకే వంటకం గుర్రపుశాలలోను, పాదుషా దస్తర్‌ఖాను మీదను కనబడుతున్నది. ఇన్ని అంతస్తులలో సంచరించిన మరొక తిండిని నేను ఎరుగను.

తెలుగువారికి ఖిచిడీ ఉత్తరదేశపు వంటకం అనే భ్రమ ఉన్నది. పెసరపప్పు, బియ్యం కలిపి వండి, మిరియాలు, జీలకర్ర, నెయ్యి వేసిన పులగాన్ని తలచుకుంటే ఆ భ్రమ తొలగిపోతుంది. మేము వాడేది మసూర్ పప్పు, మీరు వాడేది పెసరపప్పు. మేము ఉల్లిపాయలు ఎర్రగా వేయిస్తాం, మీరు మిరియాలు దంచి వేస్తారు. మా ఖట్టాను చూడండి. పచ్చి చింతపండు రసంలో వేయించిన నువ్వుల పొడి, ఉల్లి ముక్కలు, పచ్చిమిరప, పైన తాలింపు. ఇది తెలంగాణ పచ్చిపులుసు కాకపోతే మరేమిటి? విశ్వవిద్యాలయ వసతిగృహంలో నా గదిలో ఉండిన కరీంనగరు మిత్రుడు, మా ఇంటి నుండి వచ్చిన డబ్బా మూత తీసి, "పులగం మీ ఇంటిపేరు మార్చుకొని వచ్చినట్లున్నది" అన్నాడు. తెలుగు సాహిత్యంలో ఎం. ఏ. చదివిన రెండేళ్ళలో నేను విన్న మంచి విమర్శ వాక్యాలలో అది ఒకటి.

ఈ జంటకు శాస్త్రీయమైన కారణం కూడ ఉన్నది. మన శరీరం స్వయంగా తయారుచేసుకొనలేని అమైనో ఆమ్లాలు కొన్ని ఉన్నాయి. బియ్యంలోని మాంసకృత్తులలో లైసిన్ అనేది తక్కువ, మిథియోనిన్ తగినంత ఉంటుంది. పప్పులలో ఇందుకు విరుద్ధంగా లైసిన్ సమృద్ధి, మిథియోనిన్ తక్కువ. రెండూ ఒక గిన్నెలో చేరితే ఒకదాని లోటును మరొకటి తీరుస్తుంది. ఒక గిన్నె, ఒక పొయ్యి, కొద్దిపాటి వంటచెరకు. మాంసం కొనలేని ఇంటికి ఇంతకంటె తెలివైన ఏర్పాటు లేదు. ఏ పోషకాహార శాస్త్రజ్ఞుడూ చెప్పకముందే దీనిని కనిపెట్టిన ఆ మొదటి ఇల్లాలి పేరు చరిత్రలో లేదు. 2017 నవంబరులో ఢిల్లీలో జరిగిన ఆహార ప్రదర్శనలో 918 కిలోల ఖిచిడీని ఒకే బాణలిలో వండి గిన్నెస్ పుస్తకంలోకి ఎక్కించారు. ఆమె చూసి ఉంటే, అడుగు అంటలేదా అని మొదట అడిగి ఉండేది.

ఇప్పుడు పప్పు సంగతికి వద్దాం. కుంపిణీ కాలంలో మన దేశంలో కాపురమున్న ఆంగ్లేయుల ఉదయపు బల్ల మీదకు వంటవారు ఖిచిడీని చేర్చారు. మంచుగడ్డ దొరకని ఆ రోజులలో తెల్లవారి పట్టిన చేప ఈ ఎండలకు రాత్రి భోజనం దాకా నిలవదు. కాబట్టి దానిని ఉదయమే వండి ఖిచిడీకి తోడు వడ్డించేవారని చెబుతారు. పక్కన ఉన్న చేప క్రమంగా పళ్ళెంలోకి వచ్చినది. ఉద్యోగం ముగించుకొని స్వదేశానికి పోయినవారు ఈ రుచిని వెంట తీసుకొని పోయారు. ఎలైజా యాక్టన్ తన వంట పుస్తకంలో దీనిని హిందూదేశపు ఉదయపు వంటకంగా పేర్కొన్నది. 1861లో వెలువడిన మిసెస్ బీటన్ గృహనిర్వహణ గ్రంథంలోను ఇది ఉన్నది. అప్పటికే పప్పు జారిపోయి, వండిన అన్నం, మిగిలిన చేప, గుడ్లు, వెన్న స్థిరపడినవి. పొగబెట్టిన చేప స్కాట్లండు వారి చేర్పు. ధనికుల ఇళ్ళలో ఉదయపు బల్ల పక్కన వెండి మూతల కింద వేడిగా ఉంచే వంటకాలలో కెడ్జరీ ఒకటైనది.

ఈ మార్పును ఆనాడే తప్పుపట్టినవారు ఆంగ్లేయులలో లేకపోలేదు. 1886లో వెలువడిన 'హాబ్సన్-జాబ్సన్' అనే నిఘంటువును హెన్రీ యూల్, ఎ. సి. బర్నెల్ కూర్చారు. బర్నెల్ మదరాసు సివిల్ సర్వీసులో పనిచేసి, దక్షిణ భారత లిపులను గూర్చి గ్రంథం రాసిన పండితుడు. ఇంగ్లండులో మిగిలిన చేపతో చేసిన ఫలహారానికి ఈ పేరు పెట్టడం సరికాదనీ, ఖిచిడీతో పాటు చేప తినడం కద్దు గాని, చేప దానిలో భాగం కాదనీ ఆ నిఘంటువు తేల్చినది. అమ్మీ అడిగినది ఇదే ప్రశ్న. నా మటుకు నేను వంటవారి పక్షం వహిస్తాను. పప్పు చేసే పనిని చేప, గుడ్డు చేస్తున్నాయి. అన్నానికి కావలసిన మాంసకృత్తుల తోడు వాటి వల్ల దొరుకుతున్నది. ఇల్లు మారిన వంట, ఆ ఇంట్లో ఉన్నదానితోనే బ్రతకాలి. నన్ను బాధించినది పప్పు పోవడం కాదు.

అదే గది. అదే మలుపు. పదిహేను రూపాయలకు దొరికిన ఖిచిడీ సముద్రాలు దాటి వచ్చి, ఇంగ్లండు అనే పేరుతో 420 రూపాయలకు అదే చోట కూర్చున్నది. ఇరవై ఏళ్ళలో ధరలు పెరగవా అని ఎవరైనా అనవచ్చును. పెరిగినవి, నేటికీ నగరంలో ఖిచిడీ వడ్డించే హోటళ్ళు ఉన్నాయి, వాటిలో ధర ఇందులో నాలుగవ వంతు కూడ ఉండదు. నాన్నగారితో పాటు తిన్న ఆటోవారు, బండ్లవారు ఇప్పుడు ఆ మలుపులో నిలబడి తాగే టీ తాగి పోతున్నారు. దీనిని తలచుకుంటే ముద్ద దిగలేదు. అయితే ఎదురుగా అమ్మీ కూర్చొని ఉన్నారు. ఆమెకు కుర్చీ ఇచ్చినది ఈ ఫలహారశాలయే, పదిహేను రూపాయల హోటలు కాదు. చుట్టూ ఆరు బల్లలలో నాలుగింటి దగ్గర ఆడపిల్లలే ఉన్నారు. వారు గట్టిగా నవ్వుకుంటున్నారు. అమ్మీ వారిని చూస్తూ, నేను చేస్తున్న ధరల పోలికను వినిపించుకోలేదు.

ఆమె మనస్సు వేరే చోట ఉన్నది. నిమ్మ చెక్కను పిండి చూశారు. సరిపోలేదు. "ఖట్టా లేనిదే ఇది ఎట్లా దిగుతుంది?" అని, వడ్డించే అబ్బాయిని పిలిచి అడిగారు. అతడు నన్ను చూసి తడబడి, "సార్" అన్నాడు. మన కళాశాలలో బి. కాం. రెండవ సంవత్సరం విద్యార్థి. మొదటి గంటలో వెనుక వరుసలో కూర్చొని కునుకు తీసేవాడు. ఒకటి రెండుసార్లు నేను అతనిని లేపి నిలబెట్టాను కూడ. అతని పేరు ఇక్కడ రాయను.

అతడు లోపలికి పోయి, స్టీలు కటోరాలో ఖట్టా తెచ్చి అమ్మీ ముందు పెట్టాడు. పట్టికలో లేనిది ఎక్కడిది అని అడిగాను. ఫలహారశాల తెరిచే ముందు, పది గంటలకు, పనివారందరూ కలిసి వంటగదిలో ఖిచిడీ, ఖట్టా వండుకొని తింటారట. బియ్యం, మసూర్ పప్పు, పసుపు. కెడ్జరీని రుచి చూశావా అంటే, చూడలేదన్నాడు. "శని, ఆదివారాలు ఇక్కడ పొద్దున తినడం దొరుకుతుంది సార్. మిగిలిన రోజులలో మధ్యాహ్నం ఒంటిగంట తరువాతనే" అన్నాడు. ఫిర్యాదుగా అనలేదు, వేళలు చెప్పినట్లు చెప్పాడు.

కళాశాల కమిటీ పెద్దలు ఈ సంచికను చదువుతారు గనుక ఒక మాట ఇక్కడనే మనవి చేస్తాను. మన క్యాంటీనులో పఫ్‌లు, బిస్కెట్లు, నూడుల్స్ దొరుకుతున్నవి. మొదటి గంట తొమ్మిదిన్నరకు. దూరపు పేటల నుండి రెండు బస్సులు మారి వచ్చేవారు ఏడు గంటలకే ఇల్లు విడుస్తారు. ఎంతమంది తిని వస్తున్నారో నేను మూడు తరగతులలో చేతులెత్తించి అడిగాను. ఎత్తిన చేతులను లెక్కించడం నాకు కష్టం కాలేదు. బియ్యం, మసూర్ పప్పు, చింతపండు, గుప్పెడు నువ్వులు, ఒక పెద్ద గిన్నె, ఒక పొయ్యి. తొమ్మిది గంటలకు సిద్ధంగా ఉంచితే చాలు. మాంసాహారులు, శాకాహారులు అనే పేచీ దీనిలో రాదు. ఖీమా కావలసినవారు ఇంట్లో తినవచ్చును. తరగతిలో కునుకు తీసేవారిని నిలబెట్టే పని నాకు కొంత తగ్గుతుంది.

అమ్మీ కెడ్జరీ మీద ఖట్టా పోసుకొని, చెంచా మానివేసి చేతితో కలుపుకొని తిన్నారు. పక్క బల్ల దగ్గరి ఆడపిల్ల ఒకతె ఆసక్తిగా చూసి, అదేమిటని అడిగినది. అమ్మీ కటోరాను ఆమె వైపు జరిపారు. ఆమె కూడ పోసుకున్నది. చేప చివరకు మిగిలినది. పొగ వాసన అమ్మీకి నచ్చలేదు, అది నేను తిన్నాను.

బిల్లు వచ్చినది. అందులో ఖట్టా వేయలేదు. లేచేటప్పుడు అమ్మీ ఆ అబ్బాయిని మళ్ళీ పిలిచి, ఖట్టా ఎవరు చేశారని అడిగారు. తానే చేశానన్నాడు. తరువాత కొంచెం సిగ్గుపడి, "నువ్వులు కాస్త మాడినవి, అమ్మీ" అన్నాడు.

"తెలిసింది బేటా" అన్నారు అమ్మీ. "పొయ్యి ఆపివేసిన తరువాత వెయ్యి. మూకుడు వేడికే వేగుతాయి."